పొయ్యి మీద కూర... ఒడిలో కథ

డిసెంబరు వచ్చిందంటే గుంటూరులోని ఆ వీధికి నిద్రుండదు. డాబాల మీద రంగు కాగితాల నక్షత్రాలు వేలాడతాయి. దర్జీని అడిగితే ‘ఇరవై మూడుకి గానీ ఇవ్వలేనమ్మా’ అంటాడు. ఈ పూట ఒకరింట్లో ప్రార్థన కూటం, రేపు ఇంకోచోట సెమీ క్రిస్మస్. అర్ధరాత్రి తలుపు తడుతూ క్యారల్స్ బృందం. ఈ మధ్యలోనే ఇంటికి సున్నాలు, బీరువా సర్దుళ్లు, పిండివంటలు. పండగ ఒక్కరోజే. హడావుడి మాత్రం నెలంతా!

ఆ వీధి చివరింటి కోడలు బడిలో టీచరు. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే సాయంత్రం ఐదున్నరకి ఇల్లు చేరుతుంది. చేతి సంచిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. వచ్చీ రాగానే పొయ్యి వెలిగించాలి. ఏడింటికి కూటానికి వెళ్లాలి. గాయక బృందంలో ఆమెదే మొదటి గొంతు మరి. భర్తకి ఊళ్లు తిరిగే ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఏడో తరగతి చదివే కొడుకు, డెబ్బై నాలుగేళ్ల అత్తగారు... ఇదీ ఆ ఇల్లు.

ఆ ఏడాది మరో భారం కూడా నెత్తినెత్తుకుంది కోడలు. అప్పటిదాకా అరిసెలు, గవ్వలు, కజ్జికాయలు అత్తగారి చేతి మీదే నడిచేవి. అరిసెల పాకం చూడటంలో ఆవిడకు వీధిలోనే పేరు. ఇప్పుడావిడకు చూపు సరిగా ఆనడం లేదు. గ్లకోమా. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు ఒక్కరోజూ మానకూడదనీ డాక్టరు చెప్పారు. ‘అత్తయ్య చేయలేకపోతున్నారని పండగ తగ్గకూడదు’ అనుకుంది కోడలు. మూడు కిలోల బియ్యం నానబోసింది.

తర్వాత ఎవరొచ్చారే?

అత్తగారికి పుస్తకాల పిచ్చి. ఆ పిచ్చి వాళ్ల అమ్మమ్మ నుంచి వచ్చింది. ఆ అమ్మమ్మ మిషన్ వారి దగ్గర బైబిలు స్త్రీగా పనిచేసింది. జర్మనీలో పుట్టి అమెరికా లూథరన్ల తరఫున వచ్చిన హేయర్ 1842లో గుంటూరులో మిషన్ మొదలుపెట్టారు. ఆ తర్వాతి రోజుల్లో తెలుగు జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి, గడప దాటని ఆడవాళ్లకి చదివి వినిపించినవాళ్లే ఈ బైబిలు స్త్రీలు. చేటలో బియ్యం ఏరుకునేవాళ్ల పక్కన, రోట్లో పచ్చడి నూరేవాళ్ల పక్కన కూర్చుని చదివేవారట. పని ఆగేది కాదు, చదువూ ఆగేది కాదు.

అలా విన్న కథలతోనే అత్తగారు అక్షరాలు దిద్దింది. ఇంగ్లండులో జైలు పాలైన జాన్ బన్యన్ రాయగా 1678లో వెలువడిన ‘యాత్రికుని ప్రయాణం’ ఆవిడకు మొదటి నవల. ఆ తర్వాత టాల్‌స్టాయ్ కథలు. ప్రతి డిసెంబరులోనూ వాటిలో ఒక కథను తప్పకుండా చదువుకునేది. చెప్పులు కుట్టే ముసలాయన కథ. టాల్‌స్టాయ్ దాన్ని 1885లో రాశారు.

ఆ డిసెంబరులో ఆవిడ కోడల్ని అడిగింది. “అమ్మాయ్, ఒక్క పేజీ చదివిపెట్టవా?”

“పాకం పొయ్యి మీద ఉంది అత్తయ్యా, కాసేపాగండి.”

కాసేపయ్యాక మళ్లీ అడిగింది. “కూటానికి వేళైంది అత్తయ్యా!” రాత్రి మరోసారి అడిగింది. “పేపర్లు దిద్దాలి అత్తయ్యా... రేపు చదువుతాలెండి.”

ఆ రేపు నాలుగు రోజులైనా రాలేదు. పాకం మాత్రం ముదిరిపోయింది. అరిసెలు రాళ్లలా వచ్చాయి. కోడలు ఆ గిన్నెను సింకులో పడేసి, చెయ్యి కాల్చుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చింది. అక్కడ అత్తగారు పుస్తకం ఒడిలో మూసిపెట్టుకుని తనలో తనే కథ చెప్పుకుంటోంది.

“...మొదట మంచు తీసే ముసలాయన వచ్చాడు, టీ ఇచ్చాడు. ఆ తర్వాత చంటిపిల్లతో తల్లి వచ్చింది, సూపు పెట్టాడు. తర్వాత... తర్వాత...”

ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. మళ్లీ అక్కడే ఆగింది. కోడలి అడుగుల చప్పుడు విని తలెత్తింది.

“తర్వాత ఎవరొచ్చారే?”

కోడలి దగ్గర జవాబు లేదు. ఆ ఇంటికి వచ్చిన పదిహేనేళ్లలో ఆ కథ ఆమె ఒక్కసారీ చదవలేదు! అత్తగారికి పోతున్నది చూపు ఒక్కటే అనుకుంది ఇన్నాళ్లూ. యాభై డిసెంబర్లుగా తోడున్న కథ కూడా కొంచెం కొంచెంగా జారిపోతోందని అప్పుడు అర్థమైంది. దాన్ని పట్టుకోవడానికే ఆవిడ ఒక్క పేజీ అడిగింది. తానేమో ఆవిడ కోసమే అనుకుంటూ అరిసెలు వండుతూ కూర్చుంది.

చర్చిలో ఎన్నోసార్లు విన్న మార్త, మరియల సంగతి ఆ రాత్రి కోడలికి గుర్తొచ్చింది. లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంటుంది. అక్క వంటింట్లో సతమతమవుతుంది, చెల్లెలు కూర్చుని మాట వింటుంది. విన్న ప్రతిసారీ మార్త వైపే ఉండేది కోడలు. ‘అందరూ కూర్చుంటే అన్నమెవరు వండుతారు?’ అనేది. ఇప్పుడూ ఆ ప్రశ్న అబద్ధం కాదు. కాకపోతే వంట తేలికైతే మార్త కూడా కాసేపు కూర్చోవచ్చు కదా!

మూడు విజిళ్ల లోపు...

మర్నాడు చేసిన మొదటి పని, మిగిలిన బియ్యప్పిండిని జంతికలకి తీసిపెట్టి, కిలో అరిసెలకి స్వగృహ దుకాణంలో చెప్పేయడం. రెండోది, రాత్రి వంటను ఒక్క గిన్నెకి కుదించడం. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, రెండు టమాటాలు, గుప్పెడు క్యారెట్ ముక్కలు, నాలుగు పచ్చిమిర్చి, ఐదు గ్లాసుల నీళ్లు, పసుపు, ఉప్పు. కుక్కర్లో నాలుగు విజిళ్లు. దించాక నేతిలో జీలకర్ర, మిరియాలు, కరివేపాకు తాలింపు. పక్కన జాడీలో ఉండనే ఉంది గోంగూర పచ్చడి. మరోరోజు కోడిగుడ్ల పులుసు, ఇంకోరోజు టమాటా పలావు. ఆదివారం ఉడికించిన కందిపప్పు ఫ్రిజ్‌లో ఉంటే సోమవారం పప్పుచారు పావుగంట పని.

మిగిలిన అరగంటలో వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసింది. అందులో అత్తగారు. కింద పీట మీద కోడలు, చేతిలో పుస్తకం. కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా చదువు ఆపి, ఆవిరి తగ్గగానే మళ్లీ మొదలు.

పాటల సాధనలో ఈ మాట స్నేహితురాళ్లకు చెబితే నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. అందరి పరిస్థితీ అదే మరి! ఒకామె తన దగ్గరున్న డికెన్స్ ‘క్రిస్మస్ కారల్’ తెచ్చింది. 1843 డిసెంబరులో వచ్చిన ఆ చిన్న నవలలో పిసినారి స్క్రూజ్ ఒక్క రాత్రిలో మారిపోతాడు. ఇంకొకామె చార్లెస్ షెల్డన్ ‘ఇన్ హిజ్ స్టెప్స్’ ఇచ్చింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని టొపీకాలో పాస్టరు ఆయన. ఆదివారం సాయంత్రాలు చర్చిలో వారానికో అధ్యాయం చదివి వినిపించిన కథే తర్వాత పుస్తకంగా వచ్చింది. అంటే అదీ నలుగురు కూర్చుని విన్న కథే!

పుస్తకం ఒకరి నుంచి ఒకరికి వెళ్లేటప్పుడు అందులో ఓ చీటీ కూడా వెళ్లేది. ‘ఇది చదివిన రోజు మా ఇంట్లో ఇది వండాను’ అని. ఉల్లికారం ఎలా నిలవ చేయాలో ఒకరు, పదినిమిషాల్లో బీరకాయ పచ్చడి ఎలాగో ఒకరు. నాలుగు ఇళ్ల మధ్య మూడు పుస్తకాలు, డజను చీటీలు తిరిగాయి.

క్యాబేజీ కూర

చెప్పులు కుట్టే ముసలాయన కథ మొదలుపెట్టిన రోజు పిల్లాడు కూడా వచ్చి కూర్చున్నాడు. నేలమాళిగ గదిలో ఉంటాడా ముసలాయన. కిటికీలోంచి దారిన పోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. చెప్పుల్ని బట్టి మనుషుల్ని గుర్తుపడతాడు. భార్య, పిల్లలు చనిపోయారు. ఒకనాటి రాత్రి, రేపు వీధిలోకి చూస్తూ ఉండు, నీ దగ్గరికి వస్తానని క్రీస్తు చెప్పినట్టు వినిపిస్తుంది. మర్నాడంతా ఎదురుచూస్తాడు. చలిలో మంచు తీస్తున్న ముసలాయనకి టీ ఇస్తాడు. పలచని బట్టల్లో వణుకుతున్న తల్లికి రొట్టె, క్యాబేజీ సూపు పెడతాడు...

“ఛీ, క్యాబేజీయా!” అన్నాడు పిల్లాడు.

“చలిదేశం నాయనా. అక్కడ పేదవాడింట్లో ఉండేది అదే” అంది నానమ్మ.

ఆ రాత్రి కోడలు క్యాబేజీ, పెసరపప్పు కలిపి వండింది. సన్నగా తరిగిన క్యాబేజీ, నానిన పప్పు, తాలింపు, పైన కొబ్బరి కోరు. అంతే. పిల్లాడు మారు వడ్డించుకున్నాడు.

“పక్కింటి అమ్మాయికి కాస్త పంపావా?” అడిగింది అత్తగారు.

కోడలి చేయి ఆగింది. పక్కింటామెకి యాభై ఏళ్లుంటాయి. ఆ అక్టోబరులోనే భర్త పోయాడు. కూతురు దూర దేశంలో ఉంది. ఆ ఇంటి మీద ఈసారి నక్షత్రం లేదు. క్యారల్స్ వాళ్లు ‘ఆ ఇంటి ముందు పాడాలా, దాటేయాలా?’ అని అడిగారు కూడా. దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించడమెందుకని వీధి వీధంతా తప్పుకుని తిరుగుతోంది. అందులో కోడలూ ఉంది.

పిల్లాడు టిఫిన్ డబ్బా తీసుకెళ్లాడు. కూర కింద నానమ్మ మాట కూడా పంపింది: “రేపు సాయంత్రం మేం కథ చదువుకుంటాం. వినడానికి రమ్మన్నానని చెప్పు.”

మర్నాడు డబ్బా తిరిగొచ్చింది. ఖాళీ డబ్బా ఇవ్వకూడదని పిడికెడు పంచదార వేసి పంపిందామె. మనిషి మాత్రం రాలేదు. ఆ తర్వాతి రోజు కూడా పప్పుచారు వెళ్లింది, పంచదార వచ్చింది. మూడో సాయంత్రం కుక్కర్ రెండో కూత పెట్టేసరికి గుమ్మంలో ఆమే నిలబడి ఉంది.

“ఒక్కదానికి వండుకోబుద్ధి కావడం లేదక్కా” అంది. ఇంకేం మాట్లాడలేదు. వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది.

ఆమె కోసం కోడలు కథ మళ్లీ మొదటి నుంచి చదివింది. చివరికి వచ్చేసరికి ఆపిల్ పళ్లు అమ్ముకునే ముసలమ్మ, ఆమె బుట్టలోంచి పండు దొంగిలించిన కుర్రాడు వచ్చారు. ఆ ఇద్దరినీ చెప్పులాయన కలుపుతాడు.

“అదీ! ఆపిల్ పళ్ల ముసలమ్మ!” అత్తగారు చప్పట్లు కొట్టింది. “మూడోది ఆవిడే. ఎలా మర్చిపోయానే!”

ఆ రోజంతా తన గడప తొక్కినవాళ్లలోనే తానెదురు చూసినవాడు వచ్చి వెళ్లాడని చెప్పులాయనకి చివర్లో తెలుస్తుంది. అతను తెరిచిన పేజీ మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయం. కథ ముగిశాక ఎవరూ ఏమీ అనలేదు. పక్కింటామె కాసేపటికి అడిగింది. “ఆయనకి మాత్రం ఎవరూ వండిపెట్టలేదా? ఒక్కడే కదా... రోజూ ఒక్కడే తినుంటాడు.”

అన్నేళ్లుగా చదివిన అత్తగారికీ ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. ఆవిడ పక్కకు చెయ్యి చాచి, తడుముకుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

పెద్ద గిన్నెడు టీ

ఇరవై నాలుగో తేదీ అర్ధరాత్రి దాటాక క్యారల్స్ బృందం వచ్చింది. పదిహేను మంది పిల్లలు, డప్పులు, గిటారు, దూది గడ్డం జారిపోతున్న క్రిస్మస్ తాత. చివరింటి ముందు పాడారు. పక్కింటి ముందుకొచ్చేసరికి డప్పు ఆపి, చప్పుడు కాకుండా దాటబోయారు.

తలుపు తెరుచుకుంది.

“పాడకుండా వెళ్తారేం? లోపలికి రండి, చలిగా ఉంది” అందామె. వంటింట్లో పెద్ద అల్యూమినియం గిన్నె నిండా అల్లం టీ మరుగుతోంది. గ్లాసులు చాలకపోతే చివరింటి నుంచి తెప్పించింది. గోడమీది భర్త ఫొటో ముందు నిలబడి పిల్లలు మెల్లగా ఒక పాట పాడారు. ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే ఎవరి గ్లాసు ఖాళీ అయిందో చూసి మళ్లీ నింపింది.

ఇవతల వరండాలో అత్తగారికి ఇదంతా కనిపించలేదు. గ్లాసుల చప్పుడు మాత్రం వినిపించింది. “ఏమిస్తోందే?” అని అడిగింది.

“టీ అత్తయ్యా.”

ఆవిడ నవ్వింది. “మొదట ముసలాయనకిచ్చింది టీ యే” అంది. ఈసారి తడుముకోలేదు.

డబ్బాలో కొన్న అరిసెలు ఉన్నాయి. అవి ఎవరు చేశారని ఆ పండక్కి ఒక్కరూ అడగలేదు. పడుకోబోతూ కోడలు గుర్తుచేసింది. “రేపు కథ కుదరదేమో అత్తయ్యా. పండగ కదా, వంట బోలెడుంది.”

“ఏముందే అంత వంట? పలావు పెట్టేయ్” అంది అత్తగారు. “పక్కింటి అమ్మాయి కూడా మనతోనే తింటుంది. స్క్రూజ్ కథ సగంలో ఉంది మరి!”