జోని తిట్టుకుంటూ మన ఫోన్లే చూసుకున్నాం

 

బ్యోబ్లింగెన్‌లో మేం నలుగురం ఒకే ఫ్లాట్. షిఫ్టులు వేరువేరు. ఆదివారం మాత్రం కలుస్తాం. షాపులన్నీ బంద్ కదా, పప్పు, ఆవకాయ, నెట్‌ఫ్లిక్స్. ఈ చలికాలం 'యూ' సిరీస్ పెట్టాం. 2018లో మొదలై 2025లో అయిదో సీజన్‌తో అయిపోయింది.

జో అనేవాడు పుస్తకాల షాపు నడుపుతుంటాడు. ఒకమ్మాయి మీద మనసు పడతాడు. ఆమె ఫోన్లో మెసేజులు చదువుతాడు, కిటికీలోంచి చూస్తాడు, అడ్డొచ్చినవాళ్లని చంపేస్తాడు. అంతా ఆమె కోసమేనట! కథ వాడి గొంతులోనే వినిపిస్తుంది కాబట్టి మనకి తెలీకుండానే వాడి పక్షం అయిపోతాం. వాడు దొరికిపోతాడేమోనని మేమే టెన్షన్ పడ్డాం. ఆ వేషం వేసిన పెన్ బాడ్జ్‌లీయే 2019లో అభిమానులకి గుర్తుచేయాల్సి వచ్చింది, వాడు హంతకుడని.

మనకిది కొత్తేం కాదు. వద్దన్నా వెంటపడితే చివరికి ఒప్పుకుంటుందని మన సినిమాలూ చెప్పాయి. 2008లో వరంగల్‌లో, ఒకమ్మాయి కాదందన్న కక్షతో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి చనిపోయింది.

ఎపిసోడ్ మధ్యలో మాలో ఒకడు ఫోన్ తీశాడు. ఇక్కడ సాయంత్రం నాలుగు, గుంటూరులో రాత్రి ఎనిమిదిన్నర. "అమ్మావాళ్లింటికి అంది, ఇంకా బస్టాండులోనే ఉందేంట్రా?" వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 8 గంటలే వస్తుంది. అవి అయిపోగానే భార్యని మళ్లీ పంపమంటాడు.

ఎవ్వరం నోరెత్తలేదు. ఏ మొహంతో ఎత్తుతాం? ఒకరం లాస్ట్ సీన్ చూసి ఎవరితో మాట్లాడావని నిలదీస్తాం. ఇంకొకరం ఫోన్ ఎత్తకపోతే వరసపెట్టి ఇరవై కాల్స్ చేస్తాం. "దూరంలో ఉన్నాం, భయంరా" అంటాం. జో చెప్పుకునేదీ అలాంటిదే.

ఆ రాత్రి వాడు భార్యకి ఫోన్ చేసి, ఇక లొకేషన్ పంపొద్దన్నాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "బస్సు లేటైతే బస్సుకి భయపడేదాన్ని కాదండీ, మీకేం చెప్పాలా అని భయపడేదాన్ని."

స్పీకర్ ఆన్‌లో ఉంది. నలుగురం విన్నాం.

ఇక్కడున్న అక్కచెల్లెళ్లకి ఒక మాట. జర్మనీలో వెంటపడి వేధించడం 2007 నుంచి నేరం. అర్జెంటైతే 110. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 116 016, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు.

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఎక్కడున్నావ్?" కాకుండా "ఎలా ఉన్నావ్?" అని మొదలుపెడదామా?