ఒరిజినల్ ఏది సార్?

సాఫ్ట్‌వేర్ వాడు కెమెరా కొంటే మొదటి నెల లెన్సుల గురించీ, ఆ తర్వాత జీవితాంతం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించీ వాదించుకుంటాడు. మా టీమ్‌లో ఆ పిచ్చి ఉన్నవాళ్ళం నలుగురం. లంచ్‌లో ఒకడు లైట్‌రూమ్ అంటాడు, ఇంకొకడు ఫొటోషాప్ పట్టని ఫొటో ఫొటోనే కాదంటాడు. నేనైతే ఏ స్లైడర్ ఎంత లాగాలన్న యావ తప్ప ఇంకోటి లేనివాణ్ణి.

మూడేళ్ళ క్రితం మా నాయనమ్మ ఖాజాగూడ వచ్చింది. ఓ ఆదివారం పొద్దున్నే గుట్టల దగ్గరికి తీసుకెళ్ళా. ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండల్ని చూసి "ఇంతింత రాళ్ళు ఎవరు పేర్చార్రా?" అంది. ఎవరూ పేర్చలేదు, 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, పగుళ్ళ వెంట అరిగి, చుట్టూ మట్టి కొట్టుకుపోయి ఇలా మిగిలిందని చెప్పా. నమ్మలేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా చూస్తూనే ఉంటే, ఓ ఫొటో తీశా.

ఇంటికొచ్చి వెనకున్న అపార్టుమెంట్లు చెరిపేసి, రంగులు దట్టించి, అందరికీ పంపడానికి సైజు తగ్గించి, అదే ఫైలు మీద సేవ్ కొట్టా. కార్డు కూడా ఫార్మాట్ చేసేశా.

పోయినేడాది నాయనమ్మ పోయింది. గోడకి పెట్టడానికి ఆ ఫొటోనే కావాలన్నారు నాన్న. ల్యాబ్‌లో అతను ఫైలు చూసి "ఒరిజినల్ ఏది సార్?" అన్నాడు. ఉన్నది 900 బై 600. 300 డీపీఐ లెక్కన మూడంగుళాల వెడల్పు. కెమెరా తీసింది 6000 బై 4000, 20 అంగుళాల ప్రింటు హాయిగా వచ్చేది. ప్రొడక్షన్‌లో నేరుగా కోడ్ మారిస్తే జూనియర్లని తిట్టే నేను, ఇంట్లో బైనరీ దాచుకుని సోర్స్ పారేశానన్నమాట.

అప్పట్నుంచి ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ఒకటే ప్రశ్న. రేపు ఇది లేకపోతే నా దగ్గర ఏం మిగుల్తుంది?

పికాసాని గూగుల్ 2016లో ఆపేసింది. అడోబ్ 2013లో చందాల బాట పట్టింది, డబ్బు ఒక్కసారే కట్టి కొనుక్కోగలిగిన ఆఖరి లైట్‌రూమ్ 2015లో వచ్చిన 6. లైట్‌రూమ్‌ని తప్పు పట్టను, అది ఒరిజినల్‌ని ముట్టుకోదు. చందా ఆపినా ఫొటోలు ఎక్కడికీ పోవు, కానీ డెవలప్ మాడ్యూల్‌కి తాళం పడుతుంది. గింప్ ఉచితం, కానీ రా ఫైలు తెరవాలంటే ఇంకో ప్రోగ్రామ్ సాయం కావాలి.

చివరికి డార్క్‌టేబుల్ దగ్గర ఆగా. 2009 నుంచీ ఉన్న ఓపెన్ సోర్స్. రా ఫైలు జోలికి వెళ్ళదు, నేను చేసిన మార్పులన్నీ పక్కన చిన్న ఎక్స్ఎమ్‌పీ ఫైల్లో రాసుకుంటుంది. ఎంతలా అంటే, ఫొటోకి కమిట్ హిస్టరీ ఉన్నట్టే. మొదటి రెండు వారాలు మాత్రం తల బొప్పి కట్టింది, ఒకే పనికి నాలుగు మాడ్యూళ్ళు! కానీ 14 బిట్ రా ఫైల్లో ఒక్కో రంగుకి 16,384 మెట్లు, మామూలు జేపెగ్‌లో 256. తెల్లవారుజామున బండల నీడలో ఏముందో ఇప్పుడు కనిపిస్తోంది.

నాయనమ్మ ఫొటో ఐదు బై ఏడులో, కాస్త మసగ్గా, గోడ మీద ఉంది. మొన్న నాన్న దాన్ని చూస్తూ "ఇది మీ ఖాజాగూడేనా? అపార్టుమెంట్లు ఏవిరా?" అని అడిగారు. నేనే చెరిపేశానని చెప్పలేకపోయా.

మీరు ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాడుకోండి. ఈ వారాంతం మాత్రం ఒక్కసారి మీ ఒరిజినల్స్ ఉన్నాయో లేదో చూసుకోండి.