రుచంతా నీళ్లలోనే

నూనె చుక్క పడదు, పోపు చిటపటలాడదు, ఉల్లిపాయ మగ్గదు. గిన్నెడు నీళ్లు, అందులో నల్లటి సముద్రపు నాచు ముక్క ఒకటి. వకామె ఉడోన్ అనే జపాను నూడుల్స్ ఇలా మొదలవుతాయి. ఈ వంటకంలో అసలు వండేది నీళ్లనేనని నా గట్టి నమ్మకం. నీళ్లు కుదిరితే మిగతాదంతా పావుగంట పని.

ఆ నీళ్లకు దాషి అని పేరు. మన చారుకు కందికట్టు ఎలాగో, జపాను వంటకు దాషి అలాగ. దానికి ఆధారం కొంబు. ఉత్తరాన హొక్కైడో దీవి చుట్టూ చల్లని సముద్రంలో పెరిగే వెడల్పాటి నాచు అది. రిషిరి, రౌసు, హిడాకా అంటూ పుట్టిన చోటును బట్టి పేర్లు, రుచులూ వేరువేరు. రైళ్లు రాకముందు సరుకు ఓడలు పడమటి తీరం వెంబడి దాన్ని ఒసాకా దాకా చేర్చేవి. కొంబు పెరగని ఒసాకా, క్యోటోలు కొంబు వంటలో ఆరితేరాయంటే ఆ ఓడల చలవే. నేటికీ అక్కడి ఉడోన్ సూపు లేత బంగారు రంగులో, గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. టోక్యో వైపు వెళ్తే ముదురు సోయా సాస్‌తో నల్లబడుతుంది. నేను ఒసాకా పక్షం. దాషి రుచి నాలుకకు తెలియాలంటే సోయా కాస్త పక్కకు తప్పుకోవాలి.

లీటరు నీళ్లకు 10 గ్రాముల కొంబు చాలు. దాని మీద తెల్లటి పొడి ఉంటుంది. బూజేమోనని కడిగేయకండి. అది మన్నిటాల్ అనే సహజమైన తీపి పదార్థం, రుచిలో భాగమే. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, అరగంటైనా నానబెట్టాలి. రాత్రంతా నానితే మరీ మంచిది. తర్వాత సన్నని సెగ మీద పెట్టి, గిన్నె అంచుల్లో చిన్న బుడగలు లేవగానే నాచు తీసేయాలి. మరగనిస్తే జిగురూ, నీచు వాసనా వచ్చి సూపు మొరటుగా తయారవుతుంది. నీళ్ల సంగతీ ముఖ్యమే. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో కొంబు సారం సరిగా దిగదు. మన ఊళ్లలో వండేవాళ్లు శుద్ధి చేసిన మంచినీళ్లు వాడాలి.

ఆ సారం ఏమిటో 1908లో టోక్యో ఆచార్యుడు ఇకెదా కికునయె తేల్చాడు. కొంబు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదుల్లో ఇమడని ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. తర్వాత 1957లో కునినాకా అకిరా పుట్టగొడుగుల్లోని గ్వానిలేట్‌ను పట్టుకున్నాడు. ఈ రెండూ కలిస్తే రుచి రెట్టింపుతో ఆగదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. శాకాహారులకు ఇంతకన్నా మంచి కబురు లేదు. జపానులో బయట తినే ఉడోన్ సూపులో సాధారణంగా చేప సారం ఉంటుంది, పైకి కూరగాయలే కనిపించినా సరే. ఇంట్లోనైతే కొంబుతో పాటు రెండు ఎండు షిటాకే పుట్టగొడుగులు నానబెట్టుకుంటే చాలు. అక్కడి బౌద్ధ మఠాల వంటశాలలు ఎప్పటినుంచో నడిచిన దారే ఇది.

దాషిలో మిరిన్ అనే తియ్యటి వంట మద్యం రెండు పెద్ద చెంచాలు పోసి ఒక పొంగు రానిచ్చి, మూడు చెంచాల ఉసుకుచి సోయా సాస్ కలపాలి. ఉసుకుచి రంగుకు లేతే కానీ ఉప్పు మామూలు సోయాకన్నా ఎక్కువ. అందుకని రుచి చూశాకే ఉప్పు వేయండి. మిరిన్‌లో ఆల్కహాలు ఉంటుంది. వద్దనుకుంటే కాస్త పంచదార.

ఉడోన్ పిండిలోనే ఉప్పు ఉంటుంది కనుక ఉడికించే నీళ్లలో వేయనక్కర్లేదు. ఉడికాక చన్నీళ్లలో చేత్తో రుద్ది కడగాలి. పైనున్న గంజి పోతేనే సూపు తేటగా నిలుస్తుంది, నూడుల్స్‌కు సాగుడు బిగువు వస్తుంది. మళ్లీ వేడినీళ్లలో ముంచి తీసి, గిన్నెలో వేసి సూపు పోయాలి.

ఇక వకామె. సముద్రంలో ఇది గోధుమ రంగు నాచు. వేడినీళ్లు తగిలితే ఆ వన్నె వెనక్కి తగ్గి పచ్చదనం బయటపడుతుంది. పొట్లాల్లో దొరికే ఎండు వకామె అలా వేడినీళ్ల స్నానం అయ్యాక ఎండబెట్టిందే. అయిదు నిమిషాలు నానితే సుమారు పదింతలవుతుంది, కాబట్టి చిటికెడే తీసుకోండి. ఉల్లికాడలు తరిగి చల్లితే వంట అయిపోయినట్టే. మిరపపొడి మీదికి చెయ్యి పోతుంది, నాకు తెలుసు. కానీ మొదటి రెండు గుక్కలైనా కారం లేకుండా తాగి చూడమని నా మనవి. తర్వాత మీ ఇష్టం. జపానువాళ్లూ మిరప కలిసిన షిచిమి పొడి చల్లుకుంటారు.

కొంబులో అయొడిన్ చాలా ఎక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే తినాలి. మిగతావాళ్లకైనా ఇది రోజువారీ తిండి కాదు.

దాషి తీసిన కొంబు, షిటాకేలను పారేయకండి. సన్నగా తరిగి, సోయా, మిరిన్, నాలుగు చుక్కల వెనిగర్, కాసిన్ని నీళ్లు పోసి, తడి ఇగిరేదాకా సన్నసెగ మీద ఉంచి, నువ్వులు చల్లండి. దాన్ని త్సుకుదాని అంటారు, వేడన్నంతో తింటారు. మా ఇంట్లో పెరుగన్నంలోకి నంజుకుంటాం.