పంపకాలకు లొంగని వల

పెద్ద గ్రాఫ్ కనపడగానే చెయ్యి క్లౌడ్ వైపు పోతుంది. పదహారు యంత్రాలు అద్దెకు తీసుకుని తలా కాస్త పంచేస్తే సరిపోతుందనిపిస్తుంది. నా మనసు మాత్రం అక్కడే మొరాయిస్తుంది. కరెంటు బిల్లులను ఎన్ని కుప్పలుగానైనా విడదీయొచ్చు. ఒక బిల్లుకి పక్క బిల్లుతో పనిలేదు. గ్రాఫ్ అంటేనే సంబంధాలు: చుక్కలు, వాటిని కలిపే గీతలు. దాన్ని ముక్కలు చెయ్యడం ఉమ్మడి ఇంటిని పంచుకున్నట్టే, గోడ ఎక్కడ లేపినా నుయ్యి ఎవరో ఒకరికి అవతల పడుతుంది. తెగిన ప్రతి గీతకీ రెండు యంత్రాల మధ్య కబుర్లు నడవాలి. ర్యామ్‌లో పొరుగు చుక్కను చూసి రావడానికి వంద నానోసెకన్లు చాలు. నెట్‌వర్క్ దాటాలంటే వందల రెట్లు ఎక్కువ.

2015లో ఫ్రాంక్ మెక్‌షెర్రీ, మైకేల్ ఇసార్డ్, డెరెక్ ముర్రే రాసిన చిన్న పేపరంటే నాకు అందుకే అంత ఇష్టం. నాలుగు కోట్ల పైచిలుకు చుక్కలు, దాదాపు 147 కోట్ల గీతలు ఉన్న ట్విట్టర్ గ్రాఫ్ మీద ఇరవై విడతల పేజ్‌ర్యాంక్‌కి, పనిని యంత్రాలకు పంచే గ్రాఫ్‌ఎక్స్ 128 కోర్లతో 419 సెకన్లు తీసుకుంది. వాళ్లు ల్యాప్‌టాప్‌లో ఒకే థ్రెడ్‌తో 300 సెకన్లలో ముగించారు. గీతలను ర్యామ్‌లో ఉంచి, దాచే వరస కూడా మార్చాక 110కి దిగింది. కొత్తగా ఒక్క కోర్ కూడా చేర్చలేదు!

నిజంగా ఒక యంత్రంలో పట్టనివీ ఉంటాయి. వెబ్ మొత్తాన్ని గ్రాఫ్‌గా చూడాల్సిన గూగుల్ అందుకే ప్రెగెల్ అనే వ్యవస్థను కట్టుకుని 2010లో వివరాలు ప్రకటించింది. ఆ పేరు ఒక నదిది: ఆయిలర్ ప్రసిద్ధ లెక్కలోని ఏడు వంతెనలు దాటేది దాన్నే.

మనలో చాలామందికి తియాగో పెయిషోటో రాసిన గ్రాఫ్-టూల్ లైబ్రరీ చాలు. పైకి పైథాన్, లోపల సీప్లస్‌ప్లస్; కోర్లకు పని పంచేది ఓపెన్‌ఎంపీ. కాండా-ఫోర్జ్ నుంచి ఒక్క కమాండ్‌తో దిగుతుంది. సోర్సు నుంచి కంపైల్ చేస్తే మాత్రం సీప్లస్‌ప్లస్ టెంప్లేట్లు జీబీల కొద్దీ ర్యామ్ మింగుతాయి, చిన్న క్లౌడ్ యంత్రం మధ్యలోనే చేతులెత్తేస్తుంది. ఇంకోటి, క్లౌడ్‌లో రెండు వీసీపీయూలంటే చాలాచోట్ల ఒకే కోర్. పైగా గ్రాఫ్ పనిలో కోర్లు లెక్క కట్టేదానికన్నా మెమరీ కోసం ఎదురుచూసేదే ఎక్కువ. అందుకే థ్రెడ్లను ఒకటి, రెండు, నాలుగు అని పెంచుతూ సమయం కొలుస్తాను. తగ్గడం ఆగిన చోట నేనూ ఆగిపోతాను.

అద్దెకే తీసుకోవాల్సివస్తే, ర్యామ్ దండిగా ఉన్న ఒంటి యంత్రాన్నే వెతుకుతాను. ఆ 147 కోట్ల గీతలకు, గీతకు నాలుగు బైట్ల చొప్పున పొదుపుగా సర్దితే ఆరు జీబీ కూడా నిండదు. గ్రాఫ్-టూల్ అంతకన్నా ఎక్కువే అడుగుతుంది. అడగనీ, టెరాబైట్ల ర్యామ్ ఉన్న యంత్రాలు కూడా ఇప్పుడు గంటల లెక్కన దొరుకుతున్నాయి.