మెరుపుకీ ఉరుముకీ నడుమ గుర్రం చెవులు

మలక్‌పేట రేసు కోర్సుకి నేను వెళ్లింది రేసులు లేని రోజున. సెప్టెంబరు నెల, సాయంత్రం నాలుగు దాటింది. పశువైద్యుడైన ఓ మిత్రుడు నన్ను నేరుగా లాయాల వైపు తీసుకెళ్లాడు. గుర్రాల మీద పందెం కాసే అలవాటు నాకు లేదు. పిడుగుల గురించి అడగడానికి వచ్చానంటే అక్కడున్న ఇద్దరు ముగ్గురు నన్ను ఎగాదిగా చూశారు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, రేసులు మౌలాలి నుంచి ఇక్కడికి వచ్చాయి. ఆ తర్వాత ఊరు నాలుగు వైపుల నుంచీ వచ్చి మీద పడినా నడుమ మైదానం మైదానంలాగే మిగిలింది. చెట్టూ చేమా లేని అంత జాగాలో గుర్రమూ, దాని మీద మనిషీ. గుర్రం భుజం దగ్గరే ఐదడుగులకు పైన ఉంటుంది. జాకీ రికాబుల మీద లేచి వంగినా ఎనిమిదడుగుల ఎత్తు తేలుతుంది. చుట్టుపక్కల అంతకంటే ఎత్తైనది లేకపోతే పిడుగుకు వాళ్లే దగ్గర. గుర్రం నాడాల ఇనుము పిడుగును లాగుతుందని చాలామంది అనుకుంటారు. లాగేది ఇనుము కాదు, ఎత్తు.

లాయాల ముందు ఓ సైసు గుర్రాన్ని గుండ్రంగా నడిపిస్తున్నాడు. నల్లగొండ వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. పడమట మబ్బు నల్లబడుతోంది. ఉరుములొస్తే ఏం చేస్తావన్నా అని అడిగాను.

"పిడుగంటె దీనికేం ఎరుక సారూ? సప్పుడంటెనే భయం. మెరుపు జూడంగనే చెవులు నిక్కబొడుస్తది. ఉరిమినంక ఎగురుతది. ఆ నడిమిట్ల ఎంత టైముంటె గంతల్నే లోపలికి తోల్కపోవాలె."

ఆయన చెప్పింది అక్షరాలా శాస్త్రమే. మెరుపు వెంటనే కనపడుతుంది. ఉరుము కిలోమీటరుకి మూడు సెకన్లు తీసుకుని నడిచొస్తుంది. మెరిసిన ముప్పై సెకన్లలోపు ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, అప్పటికి మనుషులు పక్కా కట్టడంలోకి చేరాలి. చివరి ఉరుము వినబడ్డాక ఇంకో అరగంట బయటికి రాకూడదు. ప్రపంచమంతా ఆటస్థలాల్లో చెప్పే లెక్క ఇదే. మా సైసు దాన్ని గుర్రం చెవుల్లో చదువుకున్నాడు.

అయితే ఆ లెక్కని రేసు రోజున పెట్టి చూడండి. గుర్రాలు ప్యాడక్‌లోంచి బయల్దేరి, మెల్లగా దౌడు తీస్తూ స్టార్టింగ్ గేట్ల దాకా వెళ్లి, ఒక్కొక్కటిగా గేట్లలో దూరి, పరుగు మొదలయ్యేసరికి పదీ పదిహేను నిమిషాలు. పరుగు 1200 మీటర్లయితే నిమిషం పైన పది పన్నెండు సెకన్లు, అంతే. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలివాన పది కిలోమీటర్లు దాటడానికి పట్టేదీ పదిహేను నిమిషాలే! అంటే గుర్రాలు ప్యాడక్ దాటకముందే ఆపాలా వద్దా తేల్చుకోవాలి. గేట్లలోకి ఎక్కించాక ఆలోచిద్దామంటే అప్పటికే ఇనుప చట్రంలో గుర్రం, జాకీ, గేటు మనుషులు ఇరుక్కుని ఉంటారు. రేసుని వాయిదా వేసే, రద్దు చేసే అధికారం స్టీవార్డులది. కానీ అరగంటకో రేసు నడిచేచోట అరగంట ఆగడమంటే ఒక రేసు వెనక్కి జరిగినట్టే. బుకీలున్నారు, టోటు ఉంది, వేరే ఊళ్లలో తెరల ముందు కాచుకున్నవాళ్లున్నారు. నన్నడిగితే, ఆపే మాట డబ్బుతో ఏ సంబంధమూ లేని ఒకే ఒక్కరి నోట రావాలి.

ప్రేక్షకులకి ముప్పు లేదని కాదు. ఇంగ్లండులో 1955లో రైల్వే సమ్మె వల్ల ఆస్కట్ రేసులు జూన్ నుంచి జులైకి జరిగాయి. ఆ జులైలో పిడుగు పడి ఇద్దరు చనిపోయారు, పదుల మంది గాయపడ్డారు. ఇనుప కంచె పొడవునా కరెంటు పాకింది. వానకి చెట్టు కిందకో, పక్కలు తెరిచిన రేకుల షెడ్డులోకో పరిగెత్తడం తడవకుండా ఉండటానికే పనికొస్తుంది. తలుపులు మూసిన కారు అంతకంటే వెయ్యిపాళ్లు నయం.

పశువులకి మనకంటే ముప్పు ఎక్కువ ఎందుకని మిత్రుణ్ని అడిగాను. అతను నేల మీద రెండు గీతలు గీశాడు. పిడుగు పడ్డచోటి నుంచి కరెంటు నేలలో పాకుతుంది, దూరం పోయేకొద్దీ దాని వోల్టేజి తగ్గుతుంది. మనిషి రెండు పాదాలూ దగ్గర పెట్టుకుంటే వాటి మధ్య తేడా తక్కువ. గుర్రం ముందుకాళ్లకీ వెనుకకాళ్లకీ మధ్య నాలుగైదడుగులు. ఆ తేడాకి కరెంటు ఒక జత కాళ్లలో ఎక్కి ఇంకో జతలో దిగుతుంది, దారిలో గుండె ఉంటుంది. చెట్టు కింద చేరిన గొర్రెల మంద ఒక్క పిడుగుకి కుప్పకూలేదీ ఇలాగే.

మెరిసింది. గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను లెక్కపెట్టాను: పద్దెనిమిది. ఆరు కిలోమీటర్లు. టీ డబ్బా పట్టుకున్న ముసలమ్మ "అర్జునా, ఫల్గుణా" అంటూ గోడవారకి జరిగింది. మూసారాంబాగ్ టీవీ టవరుంది కదా, పిడుగంతా అదే మింగుతుందని ఎవరో నవ్వారు. టవరు కాచేది తన కాళ్ల చుట్టూ కొంత మేరకే. సైసు మాత్రం నవ్వలేదు, గుర్రాన్ని తిప్పాడు. పగ్గం చేతికి చుట్టుకోలేదు, మడిచి పట్టుకున్నాడు. చుట్టుకుంటే బెదిరిన గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది.

పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉందిగా, ఇరవై, నలభై కిలోమీటర్ల దూరంలో పిడుగులుంటే చెబుతుంది అన్నాను. ఆయన జేబులోది మీటల ఫోను.

"గుర్రాన్ని ఇడిసి నువ్వు లోపలికి ఉరకరాదా?" అని కూడా అడిగాను.

"ఇడిస్తె?" అన్నాడు. అంతే. లక్షల గుర్రం. కాలు విరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆయనకి తెలుసు. వెంట ఉన్న మరో గుర్రం లోపలికెళ్లేదాకా ఆగి, దాని వెనకాల తన గుర్రాన్ని పంపి, చివర్న తను వెళ్లాడు.

నేను పిడుగుల నుంచి కాపాడవలసినవాళ్లు గుర్రపు యజమానులు, ప్రేక్షకులు అనుకుని బయల్దేరాను. వాళ్లకి పైకప్పు ఉంది. బయట మిగిలేది పగ్గం పట్టుకున్నవాడు. రేసు రోజున ఓ పూట, మిగతా రోజుల్లో పొద్దున కసరత్తుకీ సాయంత్రం నడకకీ.

ఏ ఊరి రేసు కోర్సు పెద్దలైనా ఇది చదివితే ఒక్క మనవి. పిడుగు హెచ్చరిక మొదట లాయాల్లో మోగించండి, స్టాండుల్లో తర్వాత. ఉరుముల్లో గుర్రాన్ని వదిలి ప్రాణం దక్కించుకున్న సైసు జీతంలో పైసా కోయమని కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని వాళ్లు చదవగలిగే భాషలో లాయం గోడకి అంటించండి.