అరవై ఏళ్ళకు పాకశాలలో అక్షరాభ్యాసం

ఐర్లండ్ దక్షిణ తీరాన, కార్క్ నగరానికి తూర్పుగా, సముద్రానికి చేరువలో షానగారీ అనే చిన్న గ్రామం ఉంది. దారిన పోయేవారికి అదొక మామూలు పల్లెటూరు. కాని ఎన్నెన్నో దేశాల నుంచి మనుషులు పెట్టెలు సర్దుకుని అక్కడికి వంట నేర్చుకోవడానికి వస్తారు. వారిలో అప్పుడే బడి విడిచిన యువకులూ ఉంటారు, ఉద్యోగ విరమణ చేసి మనుమలను ఎత్తుకున్నవారూ ఉంటారు.

ఈ బాలీమలూ వంట పాఠశాల కథ ఒక రైతు ఇల్లాలితో మొదలయింది. 1964లో మిర్టిల్ ఆలెన్ తమ ఇంటి భోజనాల గదినే భోజనశాలగా మార్చి నలుగురికీ తలుపులు తెరిచారు. ఆ వేళకు పొలంలో ఏది పండితే అదే ఆనాటి విందు. పేరున్న హోటళ్ళు ఫ్రెంచి వంటకాలనే వల్లిస్తున్న రోజుల్లో అది సాహసమే. 1975లో ఆమె వంటకు మిషెలిన్ నక్షత్రం లభించింది. 2018లో, తొంభై నాలుగో ఏట, ఆమె కన్నుమూశారు. ఆమె కోడలు డరీనా ఆలెన్ తన తమ్ముడు రోరీ ఓకానెల్‌తో కలిసి 1983లో ఈ పాఠశాలను స్థాపించారు. చుట్టూ రసాయనిక ఎరువులెరుగని 100 ఎకరాల వ్యవసాయ క్షేత్రం.

ఇక్కడి ప్రధాన శిక్షణ 12 వారాలు సాగుతుంది. మొదటి రోజున విద్యార్థులకు చూపించేది పొయ్యి కాదు, గుప్పెడు మట్టి! వంటకు మొదలు అక్కడేనని చెప్పి, కుళ్ళిన ఆకులూ తొక్కలూ ఎరువుగా మారే తీరును తొలి పాఠంగా బోధిస్తారు.

ఉదయమంతా స్వయంగా వండాలి. మధ్యాహ్నం వండినదే తినాలి. ఆపైన ఉపాధ్యాయులు వండి చూపే పాఠం. రాత్రికి మరునాటి 'పని క్రమం' రాసుకోవాలి: ఏ గిన్నె ఎప్పుడు పొయ్యి మీదికెక్కాలి, ఎప్పుడు దిగాలి, ఈ మధ్యలో ఏ కూర తరగాలి. ముప్పయ్యేళ్ళు ఒక్క సంతకంతో పనులు జరిపించుకున్న మనిషికి ఉల్లిపాయ సన్నగా తరగడం దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. తప్పు దిద్దే ఉపాధ్యాయురాలికి అతని కూతురి వయసు ఉండవచ్చు. పూర్వపు హోదా అక్కడ చెల్లని నాణెం. అయితే ఉద్యోగం మానినవారిని అందరికన్న ముందు వేధించేది ఖాళీ గడియారం. ఈ పాకశాలలో ఆ గడియారానికి మళ్ళీ పని దొరుకుతుంది.

అక్కడ నేర్చే వాటిలో మనకు ఆసక్తి కలిగించేది సోడా రొట్టె. గోధుమపిండి, ఉప్పు, వంట సోడా, మజ్జిగ - అంతే. ఐర్లండ్ తడి వాతావరణంలో పండే మెత్తని గోధుమ ఈస్టుతో పొంగే రొట్టెకు అంతగా నప్పదు. 19వ శతాబ్దంలో వంట సోడా వచ్చాక, మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి వాయువు పుట్టించి పిండిని పొంగిస్తుందని అక్కడి ఇల్లాళ్ళు గ్రహించారు. మజ్జిగ పులుసు తెలిసిన తెలుగువారికి ఈ మజ్జిగ రొట్టె కొత్తే! అయితే చపాతీ పిండిలా దీన్ని మర్దించరాదు. చేయి ఎంత తక్కువ తగిలితే రొట్టె అంత గుల్లగా వస్తుంది. ప్రతి పనినీ పట్టి పీడించి సాధించే అలవాటున్నవారి రొట్టె రాయవుతుంది. పైన కత్తితో లోతుగా శిలువ గీస్తారు. దయ్యాలు వెళ్ళిపోవడానికని పెద్దలు చెబుతారు. నడిమి భాగానికి వేడి అందడానికన్నది వంటవారి వివరణ.

ఇదంతా అందరికీ అందేది కాదని కూడా చెప్పాలి. 12 వారాల రుసుము పది వేల యూరోలకు మించుతుంది. పూటల తరబడి నిలబడవలసి రావడం మోకాళ్ళ నొప్పులున్నవారికి శిక్షే. చేతికి వచ్చే ధ్రువపత్రం బ్రతుకుతెరువు వెతుక్కునే యువతకు ఉపయోగం గాని, విశ్రాంత జీవికి దానితో ఏం పని? నలభై ఏళ్ళు పొయ్యి ముందు గడిపిన గృహిణికి విశ్రాంతి అంటే వంట మానడమే కావచ్చు కూడా. అంత వ్యవధి కుదరనివారికి ఒక పూట మొదలు వారం దాకా చిన్న తరగతులూ ఉన్నాయి.

మధ్యాహ్న భోజనం ముగిశాక తొక్కలూ మిగిలిన ముక్కలూ బకెట్లలో కోళ్ళ దగ్గరికి చేరతాయి. ఉదయం పెందలాడే ఆకుకూరలు కోసి తేవడానికీ, ఆవుల పాలు పితికే చోటికి వెళ్ళడానికీ వంతులుంటాయి. ఆ వంతుల్లో వయసును బట్టి మినహాయింపు ఆశించకుండా, రబ్బరు బూట్లు తొడుక్కుని, మంచులో తడిసిన గడ్డి మీదుగా తలనెరిసిన విద్యార్థులు కూడా నడిచిపోతారు.