బోరుకి కాదు నాయనా, గిటారుకి

"నాయనా, కంప్రెసర్ ఒకటి కొనాలనుకుంటున్నా" అని ఫోన్లో చెప్పగానే అవతల రెండు క్షణాలు చప్పుడు లేదు. తర్వాత "ఏ బోరుకిరా?" అన్నాడు.

మాది కల్యాణదుర్గం వైపు పల్లె. మా వైపు కంప్రెసర్ అంటే ఒకటే అర్థం. నీళ్లు బాగా అడుక్కు పోయిన బోరులోకి పైపుతో గాలి కొట్టి, ఉన్న కాసిన్ని నీళ్లనూ పైకి తెప్పించే యంత్రం. గిటారుకి కూడా కంప్రెసర్ ఉంటుందని, అది కాలితో తొక్కే చిన్న డబ్బా అని చెప్పేసరికి నాకు పది నిమిషాలు పట్టింది. నాయన అంతా విని, "అది గానీ ఇది గానీ, నీళ్లుంటేనే పైకి తెస్తాదిరా. లేని నీళ్లు యాడ్నుంచి తెస్తాది? ఊరికే గాలి ఎక్కువ కొడితే బురదొస్తాది" అన్నాడు. ఆయనకి గిటారు గురించి ఏం తెలుసులే అనుకుని ఫోన్ పెట్టేశాను.

సంగతేమిటంటే, కాలేజీ ఫెస్టులో మా బ్యాండుకి పది నిమిషాలిచ్చారు. అందులో మోహన రాగంలో రెండు నిమిషాల సోలో నాది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నాకు దేవుడు. ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి పెద్ద పెద్ద విద్వాంసులను ఒప్పించిన మనిషి. ఆయన చేతిలో ఒక్కో స్వరం ఊగుతూ, జారుతూ ఎంతసేపైనా బతికే ఉంటుంది. నా సెకండ్ హ్యాండ్ గిటారులో మాత్రం మీటగానే 'ఠంగ్' మని అరిచి, గమకం మొదలయ్యేలోపే చచ్చిపోతుంది. ప్రాక్టీసులో మిక్సర్ దగ్గర కూర్చున్న మావాడు విసుక్కున్నాడు. "మామా, మొదటి దెబ్బకి చెవులు పోతున్నాయి, తర్వాత ఏమీ వినపడట్లేదు. నేను సౌండు పెంచాలా, తగ్గించాలా?"

"కంప్రెసర్ కొనుక్కోరా" అన్నాడు సీనియర్ అన్న.

పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన 6,500 రూపాయలున్నాయి నా దగ్గర. మంచి పెడలే వస్తుందనుకున్నాను. ఆ వారంలోనే ఊళ్లో లో వోల్టేజీకి బోరు మోటారు కాలిపోయింది. నాయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. మోటారు పైకి తీయాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. అప్పటిదాకా చీనీ చెట్లకి చుక్క నీళ్లుండవు. 4,000 పంపాను. దీన్ని త్యాగమని రాస్తే నవ్వండి. ఆ చెట్ల కాయలమ్మిన డబ్బుతోనే నా ఫీజు కడుతున్నారు. కానీ పంపేటప్పుడు కడుపులో కొంచెం మండిన మాట నిజం. అదీ రాయకపోతే అబద్ధమవుతుంది.

మిగిలింది 2,500. చేతిలో డబ్బు తక్కువైతే బుర్ర ఎక్కువ వాడాలి కదా, అందుకని కొనేముందు అసలు ఇదేం చేస్తుందో చదివాను.

మన జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఏడాది పొడుగునా కురవదు, నాలుగు గట్టి వానలై ఒకేసారి పడి పారిపోతుంది. చెరువు చేసే పనేమిటి? ఆ వరదను ఆపి, తూము ద్వారా నెమ్మదిగా వదలడం. కంప్రెసర్ చేసేదీ అలాంటిదే. మీటిన మొదటి దెబ్బ ఒక గీత దాటితే దాన్ని అణచిపెడుతుంది. 4:1 అంటే ఆ గీత పైన లోపలికి 4 డెసిబెల్స్ పెరిగితే బయటికి 1 డెసిబెలే పెరుగుతుంది. ఆ తర్వాత మొత్తం మట్టాన్ని పైకెత్తుతుంది. దాంతో ఆరిపోతున్న తోక కూడా వినపడుతుంది. దాన్నే మనం సస్టైన్ అంటున్నాం.

ఇక ఏది కొనాలి? 1970ల నాటి ఎంఎక్స్ఆర్ డైనా కాంప్‌కి ఉన్నవి రెండే నాబ్‌లు: ఎంత అణచాలి, ఎంత బయటికి పంపాలి. బాస్ సీఎస్-3కి నాలుగు: లెవెల్, టోన్, అటాక్, సస్టైన్. అటాక్ అంటే అణచడం ఎంత త్వరగా మొదలవ్వాలన్నది. కొంచెం ఆలస్యంగా మొదలైతే మీటిన 'టిక్' బతుకుతుంది, మరీ త్వరగా పట్టేస్తే గిటారు నోట్లో గుడ్డ కుక్కినట్టుంటుంది. ఈ రెండూ కొత్తవి నా బడ్జెట్‌కి అందవు. ఈసీఈ వాణ్ణి కదా, సొంతంగా చేద్దామా అనుకున్నాను. డైనా కాంప్ గుండెకాయ సీఏ3080 అనే చిప్పు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఎల్ఎం13700తో చేయొచ్చు, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో విడిభాగాలు దొరుకుతాయి. కానీ లెక్క వేస్తే చిప్పుల కన్నా ఇనప డబ్బాకి, కాలి స్విచ్చుకి, జాకులకే ఎక్కువయ్యేట్టుంది. పైగా ఫెస్టుకి మూడు వారాలే.

అప్పుడు మిక్సర్ మావాడే మంచి సలహా ఇచ్చాడు. "ముందు ఫ్రీగా విను, తర్వాత కొను." వాడి ఇంటర్‌ఫేస్‌లో నా సోలో రికార్డు చేసి ఆడాసిటీలో తెరిచాం. అందులో కంప్రెసర్ ఉచితంగానే ఉంది. అది వేయకముందే తెరమీద గ్రాఫు చూసి నాకు సిగ్గేసింది. ఒక మీటు కొండ, పక్కది గుంత, దాని పక్కది మళ్లీ కొండ. గిటారు తప్పు కాదు, నా కుడి చెయ్యే అలా ఉంది. పది రోజులు మెట్రోనోమ్ 60లో పెట్టుకుని ఒకే బలంతో మీటడం సాధన చేశాను. రూమ్మేట్లు తిట్టారు. కానీ సగం కంప్రెసర్ నా చేతిలోనే దొరికింది, ఉచితంగా.

మిగతా సగానికి పెడల్ కావాల్సిందే. డైనా కాంప్ పద్ధతిలో చేసిన చవక రకం, రెండు నాబ్‌లది, సెకండ్ హ్యాండ్‌లో 1,800కి దొరికింది. మిగిలిన 700లో మంచి 9 వోల్టుల అడాప్టర్ కొన్నాను. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. చాలా రూటర్ల అడాప్టర్లకి పిన్ను లోపల ప్లస్ ఉంటుంది, గిటార్ పెడళ్లలో ఎక్కువవాటికి లోపల మైనస్ కావాలి. చూసుకోకుండా గుచ్చితే దాని గతీ మా బోరు మోటారు గతే.

ఇంకో మాట. కొనేటప్పుడు పెడల్ ఆన్ చేసినా ఆఫ్ చేసినా సౌండు సమానంగా వచ్చేలా లెవెల్ సర్ది, అప్పుడు పోల్చండి. లేకపోతే ఎక్కువ సౌండు వచ్చేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే కంప్రెసర్ దాని ముందు పెట్టండి. వెనక పెడితే దాని రొద కూడా పైకి లేస్తుంది.

మొదటి రాత్రి ఆశకొద్దీ సస్టైన్ నాబ్ చివరిదాకా తిప్పాను. స్వరం సాగింది, నిజమే. దాంతోపాటు ఆపగానే 'బుస్స్...' మని రొద, దాని కింద కరెంటు హమ్. తీగ ఆరిపోయేకొద్దీ పెడల్ మట్టం పెంచుతూ పోతుంది. పెంచడానికి స్వరం మిగలనప్పుడు రొదనే పెంచుతుంది. నాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ పెట్టేసినందుకు కూడా గుర్తొచ్చింది. నాబ్ మూడో వంతుకి తెచ్చాను.

ఫెస్టు బాగానే జరిగింది. మోహనలో చివరి పంచమం దగ్గర నేను ఆగితే అది కూడా నాతోపాటు ఆగింది, ముందే చావలేదు. ఆ రికార్డింగ్ నాయనకు పంపాను. కొత్త వైండింగ్ మోటారు తిరుగుతుంటే గట్టు మీద కూర్చుని విన్నాడంట. రాత్రి ఫోన్ చేశాడు.

"బాగుందిరా. ఈణ లెక్క ఉంది. కానీ ఆ చివర్లో బుస్సుమని ఏందో వస్తాంది, అదేంది?"

"బురద, నాయనా" అన్నాను.

చాలా రోజుల తర్వాత ఆయన గట్టిగా నవ్వడం విన్నాను.